ఐసోలేషన్ గదిలో మనవాళ్లు ఉన్నప్పుడు: ఇంటివాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తలుపుకి పసుపు కాగితం అంటించిన నిమిషం నుంచి ఇంటివాళ్ల ప్రశ్నలు మొదలవుతాయి. 11 ఏళ్లుగా ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా చేస్తున్నాను. ఆ కాగితం అంటించేది నేనే, కాబట్టి ముందుగా తిట్లు తినేదీ నేనే. క్రిమి గురించి, మందుల గురించి మీ డాక్టరు చెబుతారు. మీ పేషెంటు విషయంలో ఆయన మాటే ఆఖరు. తలుపు మూశాక లోపల ఉండిపోయే మనిషి గురించి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. ఈ పేజీ అందుకే రాస్తున్నాను.

ఐసోలేషన్‌కి మార్చారు. అంటే ఐసీయూనా? అంత సీరియస్సా?

రెండూ వేరు. ఐసీయూలో పెట్టేది మనిషి పరిస్థితిని చూసి. ఐసోలేషన్‌లో పెట్టేది క్రిమి ఎలా పాకుతుందో చూసి. పొద్దున్నే ఇడ్లీ తిని పేపరు చదువుకుంటున్న మనిషినీ ఐసోలేషన్‌లో పెట్టాల్సి రావచ్చు. వెంటిలేటరు మీద ఉన్న మనిషికి అది అక్కర్లేకపోవచ్చు.

మాటలోనే భయం ఉంది, ఒప్పుకుంటాను. హైదరాబాద్ నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని పాతవాళ్లు ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు. క్వారంటైన్ అన్న మాట జనం నోళ్లలో నలిగి నలిగి కోరంటి అయింది. అక్కడికి పంపారంటే ఇక ఆశ వదులుకున్నట్టే అనుకున్న తరాలున్నాయి. ఆ భయమే ఇప్పుడు మీ అమ్మమ్మ నోట్లోంచి వస్తోంది. ఆవిణ్ణి విసుక్కోకండి.

అసలు ఎందుకు పెడతారు? ఒక గదికి ఎన్-95, ఇంకో గదికి ఉత్త గ్లోవ్స్. ఎందుకీ తేడా?

క్రిమి ప్రయాణించే దారిని బట్టి. టీబీ, తట్టు, ఆటలమ్మ గాలిలో తేలుతూ పోతాయి. వాటికి ఎన్-95 కావాలి, వీలైతే నెగటివ్ ప్రెషర్ గది కావాలి. ఆ గదిలో గాలి వార్డులోకి రాకుండా, గంటకి 12 సార్లు మారేలా ఫ్యాన్లు లాగుతుంటాయి. తలుపు ఓరగా తెరిచిపెడితే ఆ ఏర్పాటంతా వృథా. "కాస్త గాలాడుతుందని" తలుపు తెరిచిన అటెండెంటు మీద సిస్టర్ కేకలేసేది అందుకే. అలాంటి గది లేని చోట పద్ధతి తిరగబడుతుంది. బయటి వైపు కిటికీలు బార్లా తెరిచి గాలి బయటికి పోయేలా చూస్తారు. మీది ఏ రకం గదో అడిగి తెలుసుకోండి.

ఫ్లూ, గవదబిళ్లలు, కోరింత దగ్గు లాంటివి దగ్గినప్పుడు పడే తుంపర్లతో వస్తాయి, దగ్గరగా ఉన్నవాళ్లకి అంటుతాయి. మామూలు మాస్కు చాలు. మూడో రకం చేతుల మీదుగా పాకేది: మందులకి లొంగని మొండి క్రిములు (ఎంఆర్ఎస్ఏ, కొన్ని రకాల క్లెబ్సియెల్లా), విరేచనాలు పట్టించే సీ-డిఫ్. గ్లోవ్స్, గౌను వీటికి.

ఇంకొకటుంది, పూర్తిగా ఎదురు రకం. కీమో తీసుకుంటున్నవాళ్లకీ, బోన్ మ్యారో మార్పిడి అయినవాళ్లకీ తెల్లకణాలు బాగా పడిపోయినప్పుడు, మన నుంచి వాళ్లని కాపాడడానికి గదిలో పెడతారు. ఇక్కడ ప్రమాదం మనమే. ఈ సంగతి పేషెంటుకి ఎవరో ఒకరు విడమరిచి చెప్పాలి. చెప్పకపోతే పాపం, తన దగ్గరే ఏదో అంటు ఉందనుకుంటారు.

నాన్నకి జ్వరం లేదు, దగ్గు లేదు. "బగ్ ఉంది" అని మాత్రం అంటున్నారు. డబ్బు కోసమా?

నన్ను ఎక్కువమంది కోపంగా అడిగేది ఇదే. క్రిమి ఒంటి మీదో పేగులోనో ఊరికే కాపురం పెట్టి, జబ్బు చెయ్యకుండా ఉండడం మామూలే. దాన్ని కాలనైజేషన్ అంటాం. మీ నాన్నకి దానివల్ల ఇప్పుడు నొప్పి లేదు, మందూ అక్కర్లేదు. పక్క మంచంలో గుండె ఆపరేషన్ అయినాయనకి అదే క్రిమి నా చేతుల మీదుగా చేరితే ప్రాణం మీదికొస్తుంది. అంటే మీ నాన్న ఒంటరితనం పక్కవాళ్ల కోసం భరిస్తున్నది. ఆ మాట ఆయనతో అనండి. అన్నప్పుడు చాలామంది పెద్దవాళ్ల ముఖం మారడం చూశాను.

డబ్బు సంగతికొస్తే, గది అద్దె, గౌన్లు, గ్లోవ్స్ బిల్లులో ఎలా పడతాయో మొదటి రోజే బిల్లింగ్ దగ్గర అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇన్సూరెన్సు ఉంటే రూమ్ రెంట్ పరిమితి ఎంతో చూసుకోండి. డాక్టరు సలహా మీదే ఐసోలేషన్‌కి మార్చారని కేస్ షీట్‌లో ఉండాలి. ఏ క్రిమి ఉందో చెప్పే కల్చర్ రిపోర్టు కాపీ అడిగే హక్కు మీకుంది.

ఎన్నాళ్లు?

"చూద్దాం" అన్న జవాబుతో సరిపెట్టుకోకండి. ఏం జరిగితే తీస్తారో చెప్పమనండి. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా. తట్టు అయితే దద్దుర్లు వచ్చాక 4 రోజులు. సీ-డిఫ్ అయితే విరేచనాలు కట్టాక కనీసం 48 గంటలు, కొన్నిచోట్ల డిశ్చార్జి దాకా. టీబీలో మందు పనిచేస్తోందా, కళ్లె పరీక్షలో ఏమొచ్చింది అన్నదాన్ని బట్టి. మొండి క్రిములు ఒంటి మీద ఉన్నవాళ్లకి తరచుగా ఆ అడ్మిషన్ మొత్తం.

తేదీ లేని నిర్బంధం మనిషిని తినేస్తుంది. "బుధవారం మళ్లీ కళ్లె పంపుతాం, శుక్రవారం రిపోర్టు" అని చెబితే శుక్రవారం దాకా ఓపిక పడతారు. గోడకి క్యాలెండరు తగిలించి ఆ తేదీకి సున్నా చుట్టండి.

గదిలో ఒక్కరే ఉంటే ఏమవుతుందిలే? విశ్రాంతే కదా?

విశ్రాంతి అయితే బాగుండేది. తలుపు మూశాక జరిగేది ఏమిటంటే, లోపలికి వచ్చేవాళ్లు తగ్గిపోతారు. మామూలు వార్డులో పక్క మంచానికి మందివ్వడానికి వచ్చిన సిస్టర్ మీ నాన్నవైపు ఓ చూపు చూసి పోతుంది. "ఏం బాబాయ్, తిన్నావా" అంటుంది. ఐసోలేషన్‌లో ఆ దారిన పోయే చూపు ఉండదు. లోపలికి రావాలంటే గౌను తొడుక్కోవాలి, గ్లోవ్స్ వేసుకోవాలి, బయటికొచ్చి అన్నీ తీసి చేతులు కడుక్కోవాలి. నైట్ డ్యూటీలో 14 మందిని ఇద్దరు చూసుకుంటున్నప్పుడు ఆ గదికి వెళ్లే పనులన్నీ "ఒకేసారి చేద్దాంలే" అని వెనక్కి జరుగుతాయి. నేనూ జరిపాను.

ఇది లెక్కల్లోనూ తేలింది. 1999లో అమెరికాలో ఒక ఐసీయూలో గమనిస్తే, ఐసోలేషన్ పేషెంట్ల దగ్గరకి సిబ్బంది వెళ్లేది మిగతావాళ్ల దగ్గరకి వెళ్లేదాంట్లో సగమే. 2003లో వచ్చిన మరో అధ్యయనంలో, రౌండ్లలో పెద్ద డాక్టర్లు మామూలు పేషెంట్లలో 73 శాతం మందిని పరీక్షిస్తే, ఐసోలేషన్‌లో ఉన్నవాళ్లలో 35 శాతం మందినే పరీక్షించారు. అదే ఏడాది టొరంటో, బోస్టన్ ఆసుపత్రుల రికార్డులు తిరగేస్తే ఐసోలేషన్‌లో ఉన్నవాళ్లకి ఆసుపత్రిలో జరిగే హాని దాదాపు రెండింతలు కనబడింది. పడిపోవడం, పడకపుండ్లు, ఒంట్లో నీరూ ఉప్పూ తేడా రావడం, అంటే ఎవరో ఒకరు చూసుకుంటూ ఉంటే ఆగే సంగతులే ఎక్కువ. చావుల్లో తేడా లేదు. ఇంకో వైపు కూడా చెప్పాలి: 2013లో అమెరికాలోనే 20 ఐసీయూల్లో చేసిన పరీక్షలో పేషెంట్లందరికీ గౌను, గ్లోవ్స్ వాడితే రాకపోకలు తగ్గాయి గానీ హాని పెరగలేదు. ఐసీయూలో సిబ్బంది ఎలాగూ కళ్లెదుటే ఉంటారు. నాకు అర్థమైంది ఇదే: చెడంతా తగ్గిన అడుగుల చప్పుడులో ఉంది, గౌనులో కాదు.

నా డ్యూటీలోనే జరిగిన ఒకటి. మధ్యాహ్నం మూడింటికి ఓ గది బయట స్టూలు మీద స్టీలు క్యారియర్ కనిపించింది. మూత తీస్తే పొద్దుటి ఇడ్లీలు, అంచులు ఎండి వంగిపోయి ఉన్నాయి. చట్నీ మీద మీగడలా పొర కట్టింది. క్యాంటీన్ కుర్రాడు లోపలికి వెళ్లడానికి భయపడి బయట పెట్టి పోయాడు. సిస్టర్ పేషెంటు తిన్నాడనుకుంది. లోపల షుగర్ పేషెంటు. బెల్లు నొక్కలేదేం అంటే, స్విచ్చి వైరు మంచం తల వెనక్కి జారిపోయి ఉంది. అప్పట్నుంచి ఏ ఐసోలేషన్ గదికెళ్లినా ముందు బెల్లు చేతికందుతుందో లేదో చూస్తాను. మీరూ చూడండి.

అయితే ఇంటివాళ్లుగా మేమేం చెయ్యాలి?

లోపలికి రాకపోకలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. ఓ చిన్న నోటుబుక్కు పెట్టి డాక్టరు ఎప్పుడొచ్చారు, బీపీ ఎప్పుడు చూశారు, ఎప్పుడు తిన్నారు, ఒంటికీ రెంటికీ ఎప్పుడు వెళ్లారు అన్నవి రాసుకోండి. పోట్లాటకి కాదు. "పొద్దున్నించి టెంపరేచర్ చూసినట్టు లేదమ్మా" అని పుస్తకం చూసి మెల్లగా అంటే పని జరుగుతుంది. డాక్టరు తలుపు అద్దంలోంచి చెయ్యూపి వెళ్లిపోతే, "సార్, ఒక్కసారి లోపలికి వచ్చి చూడండి" అని అడగడం అమర్యాదేమీ కాదు.

ఎవరు ఏ టైముకి వస్తారో ముందే చెప్పమనండి. సిస్టర్ గాజు తలుపు మీద తట్టి వేలు చూపించి "పది నిమిషాల్లో వస్తా" అని సైగ చేసినా ఆ పది నిమిషాలు వేరుగా గడుస్తాయి.

నడిపించడం మర్చిపోకండి. నాలుగు గోడల మధ్య పది రోజులు పడుకుంటే పెద్దవాళ్ల కాళ్లలో సత్తువ ఇట్టే పోతుంది. డాక్టరు ఒప్పుకుంటే భోజనం మంచం మీద వద్దు, కుర్చీలో కూర్చోబెట్టి పెట్టండి. మంచం చుట్టూ గంటకోసారి నాలుగు ప్రదక్షిణలు. మాకో మామ్మగారు అవి లెక్కపెట్టుకుంటూ విష్ణు సహస్రనామం పూర్తి చేసేవారు.

నాన్న రాత్రిళ్లు ఏదేదో మాట్లాడుతున్నారు. గాలి సోకిందంటున్నారు బంధువులు.

ఇది డెలీరియం, అంటే ఒంట్లో తేడా వల్ల ఉన్నట్టుండి మతి తడబడడం. వెంటనే డాక్టరుకి చెప్పాల్సిన విషయం. ఇన్ఫెక్షన్, ఒంట్లో ఉప్పు తగ్గడం, మూత్రం బిగించడం, మలబద్ధకం, కొన్ని మందులు, నిద్ర లేకపోవడం, ఏదైనా కారణం కావచ్చు. రోజూ తాగే అలవాటుండి ఆసుపత్రిలో చేరాక మానేస్తే రెండు మూడు రోజుల్లో ఇలాగే మొదలవ్వొచ్చు. పరువనుకుని దాన్ని దాచకండి. అది తెలియకపోతే వైద్యమే తప్పుదారి పడుతుంది.

ఐసోలేషన్ దీనికి ఆజ్యం పోస్తుంది. పగలూ రాత్రీ ఒకే ట్యూబ్‌లైటు. వచ్చేవాళ్లందరూ ఒకేలా, కళ్లు మాత్రమే కనిపిస్తాయి. చెవుడున్న పెద్దవాళ్లు మనకి తెలియకుండానే పెదవుల కదలిక చూసి మాటలు పోల్చుకుంటారు. మాస్కు ఆ ఆసరా తీసేస్తుంది.

ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన పెద్దాయన ఒకాయన మా దగ్గర ఉండేవారు. మూడో రాత్రి నుంచి లేచి కూర్చుని "రాజుపాలెం దిగేవాళ్లు ముందుకి రావాలి, సత్తెనపల్లి తర్వాత స్టేజీ" అని కేకలు. మందులు మార్చారు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే వైద్యం చేశారు. దాంతోపాటు మనవడు ఇంటి నుంచి మూడు తెచ్చాడు: కళ్లజోడు, చెవి మిషను, గోడ గడియారం. అడ్మిషన్ హడావిడిలో ఆ కళ్లజోడూ చెవి మిషనూ బీరువాలోనే ఉండిపోయాయి. పగలు కర్టెన్ తీసి ఉంచి, రాత్రి పదికల్లా పెద్ద లైటు ఆర్పేయించాం. లోపలికి వెళ్లిన ప్రతివాళ్లం "నేను ఫలానా సిస్టర్‌ని, ఇవాళ మంగళవారం, మీరు గుంటూరులో ఆసుపత్రిలో ఉన్నారు" అనేవాళ్లం. నాలుగు రోజులకి బస్సు డిపోకి చేరింది.

కేకలు వేసేవాళ్లని అందరూ గుర్తిస్తారు. గోడకేసి తిరిగి, అడిగినదానికి బదులివ్వక, పగలంతా మగతగా ఉండేది రెండో రకం. "పాపం, ఏ గొడవా చెయ్యరు, మంచి పేషెంటు" అని మేమే పొరబడతాం. "మా నాన్న ఇలా ఉండరు" అన్న ఒక్క ముక్క చెప్పగలిగేది మీరే. గట్టిగా చెప్పండి.

మమ్మల్ని లోపలికి పంపుతారా?

చాలావరకు పంపుతారు, ఒకరిని. వచ్చేవాళ్లు మారకుండా ఒకరిద్దరే ఉంటే మంచిది. గర్భవతులు, చిన్నపిల్లలు, కీమోలో ఉన్నవాళ్లు వద్దు. ఆటలమ్మ, తట్టు గదులకి అవి ముందే వచ్చిపోయినవాళ్లు గానీ టీకా పడినవాళ్లు గానీ వెళ్లాలి. టీబీ గదికి ఎన్-95 తప్పనిసరి. నీలం సర్జికల్ మాస్కు మిమ్మల్ని కాపాడదు.

వేసుకోవడం సులువే, తప్పులన్నీ తీసేటప్పుడే. ముందు గ్లోవ్స్, తర్వాత గౌను లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టి డబ్బాలో వేసి, చేతులు శుభ్రం చేసుకుని బయటికి రావాలి. తలుపు మూశాక ఎన్-95 తాళ్లు పట్టుకుని తీసి, మళ్లీ చేతులు. సీ-డిఫ్ గదైతే శానిటైజరు పనికిరాదు, దాని విత్తులు ఆల్కహాల్‌కి చావవు. సబ్బుతో, పారే నీళ్లతో కడగాలి.

ముట్టుకోవచ్చా అని సిగ్గుపడుతూ అడుగుతారు. అడిగి ముట్టుకోండి. మొండి క్రిముల గదుల్లో, వేరే పేషెంట్ల దగ్గరకి వెళ్లని ఇంటివాళ్లకి గౌను సడలించి, చేతులు కడుక్కోవడం మీదే పట్టుబట్టే ఆసుపత్రులు ఉన్నాయి. సడలించకపోయినా గ్లోవ్స్‌తోనే పాదాలు ఒత్తండి, తల దువ్వండి, కొబ్బరినూనె రాయండి. బీపీ పట్టీ తప్ప వారం రోజులుగా ఒంటికి ఏదీ తగలని మనిషికి అది ఎంతో మీరు ఊహించలేరు.

మాస్కుల్లో అందరూ ఒకేలా ఉన్నారని అమ్మ భయపడుతోంది.

సహజం. 2014, 2015ల్లో లైబీరియాలో ఎబోలా వచ్చినప్పుడు మేరీ బెత్ హెఫర్నన్ అనే అమెరికన్ కళాకారిణి అక్కడి సిబ్బంది నవ్వు ముఖాలు ఫొటో తీసి, స్టిక్కర్లుగా సూట్ల మీద అంటించే ఏర్పాటు చేశారు. కోవిడ్‌లో మావాళ్లు కిట్ వీపు మీద మార్కరుతో పేర్లు రాసుకున్నారు. వీపు మీద రాసుకుంటే పేషెంటుకి ఏం కనిపిస్తుంది, ఛాతీ మీద రాసుకోండర్రా అని నేను మొత్తుకునేదాన్ని. అమ్మని చూసే సిస్టర్ని అడగండి, మాస్కు లేకుండా గాజు తలుపు అవతల ఒక్క నిమిషం నిలబడి ముఖం చూపించి వెళ్తుంది. ఎవరూ కాదనరు.

ఇంటి భోజనం, ఫోను, దేవుడి పటం పంపొచ్చా?

చేతుల మీదుగా పాకే క్రిములైతే ఇంటి భోజనానికి అడ్డు లేదు, డైట్ చార్టు ఒప్పుకుంటే చాలు. స్టీలు గిన్నెలు వేడినీళ్లూ సబ్బుతో తోమితే సరిపోతుంది. పేపరు ప్లేట్లు అవసరమేం లేదు. కణాలు పడిపోయినవాళ్ల గదిలో లెక్క వేరు: అప్పుడే వండి వేడిగా ఉన్నదే, పచ్చివి వద్దు, కోసిపెట్టిన పళ్లు వద్దు. పెరుగూ ఆవకాయా మీ డైటీషియన్‌ని అడగాలి, ఆసుపత్రికో రకం. పూలు, మొక్కలు ఆ గదిలోకి అసలు వద్దు.

ఫోను పంపండి, రోజూ ఆల్కహాల్ వైప్‌తో తుడవండి. ఛార్జరు వైరు పొడుగుది కొనండి, ప్లగ్గు ఎప్పుడూ మంచానికి ఆమడ దూరంలో ఉంటుంది. వీడియో కాల్‌కి ఓ వేళ పెట్టుకోండి. 20 మంది చుట్టాలు వంతులవారీగా ఫోన్ చేసి "ఎలా ఉంది" అని అడగడం పలకరింపు కాదు, శిక్ష. మా పేషెంటు ఒకావిడ కొడుకు అమెరికాలో ఉండేవాడు. ఫోన్‌ని దిండుకి ఆనించి పెట్టించి, అటు తన వంటింట్లో పని చేసుకుంటూ గంటసేపు ఊరికే లైన్లో ఉండేవాడు. గిన్నెల చప్పుడు వింటూ వాళ్లమ్మ నిద్రపోయేది. అలాంటిది మంచిది.

దేవుడి పటం లామినేషన్ చేయించి తెండి, తుడవొచ్చు. విభూతి, కుంకుమ చిన్న పొట్లంలో. దీపం, అగరొత్తులు కుదరవు, ఆక్సిజన్ ఉంటుంది.

ఇంట్లో అందరూ మైలలా చూస్తున్నారు. పక్కింటివాళ్లకి ఏం చెప్పాలి?

మడి, మైల, వెలి తెలిసిన ఊళ్లు మనవి. వేరుగా కూర్చోబెట్టారంటే ఏదో తప్పు చేశారనే మనసు అర్థం చేసుకుంటుంది. "ఏం పాపం చేశానో సిస్టర్" అన్న మాట నేను విన్నన్నిసార్లు జ్వరం లెక్క కూడా రాసి ఉండను. తలుపు మీది కాగితంలో ఏం తొడుక్కోవాలో ఉండాలి, జబ్బు పేరు ఉండకూడదు. ఉంటే తీయించండి. పక్కింటివాళ్లకి జబ్బు పేరు చెప్పాల్సిన పని లేదు. "ఇన్ఫెక్షన్, తగ్గుతోంది" చాలు.

టీబీ విషయంలో మాత్రం ఓ పాత కథ చెబుతాను. ఒకప్పుడు టీబీ అంటే శానిటోరియమే, అంటే టీబీ రోగుల్ని ఉంచే ప్రత్యేక ఆసుపత్రే, నెలల తరబడి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరానికి దూరాల నుంచి రోగులు వచ్చేవాళ్లు. 1956లో మద్రాసులో ఓ పరీక్ష మొదలుపెట్టారు: కొందరికి శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతితో మందులు, కొందరికి ఇరుకు ఇళ్లలో, ఇంటివాళ్ల మధ్యే అవే మందులు. 1959లో ఫలితాలొచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్లకీ దాదాపు అంతే బాగా నయమైంది. ఇంటివాళ్లకి జబ్బు ఎక్కువగా అంటుకోనూ లేదు. ప్రపంచమంతా శానిటోరియాలు మూతపడడానికి దారి వేసినవాటిలో ఇదొకటి. మందు వేసుకుంటున్న మనిషికి దూరం ఎంత తక్కువ సరిపోతుందో మద్రాసు పేటల్లో తేలింది.

పాపని ఐసోలేషన్‌లో పెట్టారు. నేను ఉండొచ్చా?

తల్లిగానీ తండ్రిగానీ ఉండాల్సిందే, మీరు ఆ జబ్బు తట్టుకోగల స్థితిలో ఉంటే. కడగడానికి వీలైన ప్లాస్టిక్ బొమ్మలు తెండి, దూది బొమ్మలు వద్దు. డిశ్చార్జి అయ్యాక ఆ బొమ్మల్ని ఆడుకునే గదిలో వదిలేయకుండా ఇంటికి తీసుకెళ్లండి.

అమ్మ బతకాలని లేదంటోంది. మామూలు దిగులేనా?

ఆ మాట విన్నాక ఊరుకోకూడదు. డ్యూటీ డాక్టరుకి అప్పుడే చెప్పండి, సైకియాట్రీ వాళ్లని పిలవమనండి, ఒంటరిగా వదలకండి. తిండి మానేయడం, ఫోన్ ఎత్తకపోవడం, ఇష్టమైనవాళ్లొచ్చినా ముఖం తిప్పుకోవడం రెండు మూడు రోజులు సాగినా చెప్పండి. టెలీ మానస్ 14416 మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు, ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. పేషెంటే కాదు, కారిడార్‌లో చాప మీద పదో రాత్రి గడుపుతున్న మీరూ చెయ్యొచ్చు.

పరిస్థితి చేయి దాటితే? చివరి చూపు దొరుకుతుందా?

2020 గుర్తున్నవాళ్లు ఈ ప్రశ్న గొంతు తగ్గించి అడుగుతారు. ఆ ఏడాది మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖ ఇచ్చిన సూచనల్లోనే, సిబ్బంది జాగ్రత్తలతో బ్యాగు ముఖం దగ్గర జిప్పు తీసి బంధువులకి చివరిసారి చూపించవచ్చని, తాకకుండా చేసే మంత్రాలు చదవడం, తీర్థం చల్లడం లాంటివాటికి అభ్యంతరం లేదని ఉంది. కాగితం మీద అలా ఉన్నా, భయం కొద్దీ ఎన్నో చోట్ల చూపించలేదు. ఆ కుటుంబాలు ఇంకా మానలేదు.

కాబట్టి బతికుండగానే అడగండి. పరిస్థితి విషమిస్తోందంటే పూర్తి కిట్ వేసుకునైనా లోపల ఉంటామని డాక్టరుకి ముందే చెప్పండి. తులసితీర్థం పోయాలన్నా, ఖురాన్ చదవాలన్నా, పాస్టరు గారు రావాలన్నా మాకు చెబితే దారి చూస్తాం. రాత్రి రెండింటికి అడిగితే డ్యూటీలో ఉన్న కొత్త సిస్టర్ భయపడి వద్దంటుంది.

ఇంటికొచ్చాక కంచం, మంచం వేరు పెట్టాలా?

చాలావాటికి అక్కర్లేదు. బట్టలు మామూలుగానే ఉతికి ఎండలో ఆరేస్తే చాలు. టీబీ కంచాల వల్ల, గ్లాసుల వల్ల రాదు. మొండి క్రిమి ఒంటి మీద ఉన్నవాళ్లు మనవల్ని ఎత్తుకోవచ్చు, చేతులు కడుక్కుంటే చాలు. మళ్లీ ఏ ఆసుపత్రిలో చేరినా పాత కల్చర్ రిపోర్టు చూపించండి.

మనుషులు మాత్రం గది నుంచి అంత తొందరగా బయటికి రారు. మన కండక్టరు గారు నెల తర్వాత చెకప్‌కి వచ్చారు. ఓపీ గది తలుపు బార్లా తెరిచే ఉంది, నేను ఎదురుగానే కూర్చుని ఉన్నాను. ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయి, చెవి మిషను సర్దుకుంటూ అడిగారు: "సిస్టర్, గౌను వేసుకోవాలా, ఇలాగే రావచ్చా?"